ఫిల్టర్ కొనే ముందు ఆ ఏడో తరగతి బాబుతో ఒకసారి మాట్లాడండి

మేడమ్, నమస్తే.

మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆరు వందల మంది పిల్లలున్న హైస్కూలు, ముప్ఫై కంప్యూటర్ల ల్యాబ్, ఈ మధ్యే వచ్చిన ఫైబర్ కనెక్షన్. పోయిన వారం ల్యాబ్ పీరియడ్‌లో ఏడో తరగతి బాబు స్క్రీన్ మీద చూడకూడని బొమ్మ వచ్చింది. పక్క పిల్లలు చూశారు, సాయంత్రానికి ఊరంతా తెలిసింది. బాబును నెల రోజులు ల్యాబ్‌కు రావద్దన్నారు. కరస్పాండెంట్ గారు ఏడాదికి లక్షన్నర పెట్టి, చెడ్డ సైట్లను ఆపే ఫిల్టర్ బాక్సు కొందామంటున్నారు. ఏది కొనాలో చెప్పమని, పేరెంట్స్ మీటింగ్‌లో చదివి వినిపించడానికి ఒక ఆన్‌లైన్ భద్రత పాలసీ కూడా కావాలని అడిగారు.

పదహారేళ్లుగా స్కూలు ల్యాబ్‌లు పెట్టడం, నడపడం నా పని. కాబట్టి సూటిగానే చెప్తాను. ఆ లక్షన్నర ఇప్పుడే పెట్టకండి. ముప్ఫై కంప్యూటర్లకు సరిపడా ఫిల్టరింగ్ మీ రౌటర్‌లోనే ఒక మధ్యాహ్నంలో, పైసా ఖర్చు లేకుండా పెట్టుకోవచ్చు. మీరు నిజంగా కూర్చుని ఆలోచించాల్సింది పాలసీ గురించి, అందులోనూ ఒక్క వాక్యం గురించి. దాని దగ్గరికి వస్తాను.

ముందు ఫిల్టర్ పని చూద్దాం. పిల్లవాడు ఒక సైటు పేరు కొట్టగానే, ఆ పేరు ఏ నంబరు చిరునామాలో ఉందో కంప్యూటర్ ఒక సర్వర్‌ను అడుగుతుంది. దాన్నే డీఎన్‌ఎస్ అంటాం. మామూలుగా మీ ఇంటర్నెట్ కంపెనీ వాళ్ల డీఎన్‌ఎస్ ఉంటుంది, ఏది అడిగినా చెప్పేస్తుంది. దాని స్థానంలో పిల్లల కోసం నడిపే డీఎన్‌ఎస్ పెడితే, అశ్లీల సైట్ల చిరునామా అడిగినప్పుడు అది ఇవ్వదు. క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ నడిపేదాని నంబరు 1.1.1.3, 2020 ఏప్రిల్ నుంచి ఉచితంగా ఇస్తున్నారు. యాడ్‌గార్డ్ వాళ్ల ఫ్యామిలీ డీఎన్‌ఎస్ 94.140.14.15. ఇది అశ్లీల సైట్లతో పాటు ప్రకటనలను కూడా ఆపుతుంది. మీ స్కూలుకు నేనైతే ఈ రెండోదే పెడతాను.

ఎందుకంటే మన పిల్లలకు ఇలాంటివి చాలాసార్లు వెతక్కుండానే ఎదురవుతాయి. "సెవెన్త్ క్లాస్ సోషల్ ప్రాజెక్ట్ పీడీఎఫ్" అని గూగుల్‌లో కొడతారు. తెరుచుకున్న సైట్లో మూడు డౌన్‌లోడ్ బటన్లు ఉంటాయి. పెద్దగా, పచ్చగా ఉన్న రెండూ ప్రకటనలే. అసలుది అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. పిల్లలు పెద్దదే నొక్కుతారు, పెద్దవాళ్లమైనా అదే నొక్కుతాం. ఇంకో ట్యాబ్ తెరుచుకుంటుంది, అంతే. అమెరికాలో 1990ల చివర్లో కొన్నేళ్లపాటు, వైట్‌హౌస్ అని కొట్టి చివర డాట్ గవ్ బదులు డాట్ కామ్ పెడితే అశ్లీల సైటు తెరుచుకునేది. అధ్యక్షుడి మీద ప్రాజెక్టు రాసుకునే పిల్లలకు అది ఎదురైతే తప్పు ఎవరిది?

డీఎన్‌ఎస్ మార్చి వదిలేస్తే సరిపోదు, కొన్ని చిల్లులు పూడ్చాలి. కంప్యూటర్‌లో ఎవరైనా డీఎన్‌ఎస్‌ను తమకు నచ్చిన నంబరుకు మార్చుకుంటే మీ ఫిల్టర్ పక్కకు పోతుంది. అందుకే 53వ పోర్టు (డీఎన్‌ఎస్ ప్రశ్నలు వెళ్లే దారి) మీద బయటికి వెళ్లే ప్రశ్నలన్నీ మీరు పెట్టిన డీఎన్‌ఎస్‌కే మళ్లేలా రౌటర్‌లో ఒక రూల్ రాయించండి. క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో "సెక్యూర్ డీఎన్‌ఎస్" అనే సెట్టింగ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే బ్రౌజర్ మీ రౌటర్ కంట పడకుండా వేరే డీఎన్‌ఎస్‌తో మాట్లాడుకుంటుంది. ల్యాబ్ కంప్యూటర్లన్నింటిలో ఆపేయండి. గూగుల్ సేఫ్‌సెర్చ్, యూట్యూబ్ రిస్ట్రిక్టెడ్ మోడ్ రౌటర్ స్థాయిలోనే బలవంతంగా ఆన్ చేయించవచ్చు, మీ నెట్‌వర్క్ అబ్బాయికి చెప్తే చేస్తాడు. వీటన్నిటికంటే ముఖ్యం, పిల్లలు వాడే విండోస్ లాగిన్ అడ్మినిస్ట్రేటర్‌ది అయి ఉండకూడదు. నేను వెళ్లిన చాలా ల్యాబ్‌ల్లో ముప్ఫై మెషీన్లకూ ఒకటే అడ్మిన్ లాగిన్ ఉంటుంది, పాస్‌వర్డ్ స్కూలు పేరే. అలాంటి చోట ఫిల్టర్‌ను దాటించే వీపీఎన్ యాప్ ఎక్కించడం తొమ్మిదో తరగతి వాళ్లకు రెండు నిమిషాల పని.

అంతా పెట్టాక టెస్ట్ చేయడానికి పిల్లల లాగిన్‌తో, పిల్లల కుర్చీలో కూర్చోండి. స్టాఫ్ రూమ్‌లో మీ ల్యాప్‌టాప్‌తో చూసి "బ్లాక్ అవుతోంది" అనుకోకండి. ప్రొజెక్టర్‌కు కలిపే టీచర్ కంప్యూటర్‌కూ ఇదే ఫిల్టర్ ఉండాలి. పాఠం కోసం తెరిచిన పేజీలోని ప్రకటన తెర మీద పడితే క్లాసు మొత్తం చూస్తుంది.

ఇక ఆ ఖరీదైన బాక్సు ఏం చేస్తుందో కూడా చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక స్కూల్లో అలాంటిదే పెట్టారు. ఇంగ్లిష్ పదాల జాబితా పెట్టుకుని, ఆ పదం ఉన్న పేజీనల్లా ఆపేది. పదో తరగతికి ప్రత్యుత్పత్తి పాఠం చెప్పే రోజు బయాలజీ మాస్టారికి ఒక్క బొమ్మ కూడా తెరుచుకోలేదు. రొమ్ము క్యాన్సర్ గురించి వెతికిన టీచరమ్మకు ఎర్రటి హెచ్చరిక వచ్చింది, ఎవరేం వెతికారో రాసుకునే లాగ్‌లో ఆవిడ పేరు పడింది. ఇది కొత్త జబ్బేం కాదు. 1996లో ఇంగ్లండ్‌లోని స్కంథార్ప్ ఊరి వాళ్లు ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీలో ఖాతా తెరవలేకపోయారు, వాళ్ల ఊరి పేరు అక్షరాల మధ్యలో ఒక బూతుమాట ఉందని. కాబట్టి మీరు ఏ ఫిల్టర్ పెట్టినా ల్యాబ్‌లో ఒక నోట్‌బుక్ పెట్టండి. ఏ సైటు అనవసరంగా ఆగింది, ఎవరికి కావాలి, ఎందుకు అన్నది టీచర్లు అందులో రాస్తారు, ల్యాబ్ ఇన్‌ఛార్జి రోజూ చూసి తెరుస్తారు. ఆ దారి లేకపోతే ఏమవుతుందో నేను చూశాను. టీచర్లు తమ ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి కంప్యూటర్‌కు ఇచ్చేస్తారు. లక్షన్నర బాక్సు ఒక మూల వెలుగుతూ ఉంటుంది, పాఠం మాత్రం ఫిల్టరే లేని నెట్ మీద నడుస్తుంది.

అదే బాక్సు తెలుగు బూతును మాత్రం ఒక్కదాన్నీ ఆపలేకపోయింది. మన పిల్లలు తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. ఒకే మాటను పది మంది పది రకాల స్పెల్లింగులతో రాస్తారు, మధ్యలో అంకెలు కూడా పెడతారు. ఏ దేశంలోనో తయారైన జాబితాకు అది అర్థం కాదు. పిల్లలు ఒకరినొకరు ఏడిపించుకునేది, బెదిరించుకునేది, కులం పేరు పెట్టి తిట్టుకునేది మొత్తం ఆ భాషలోనే. అంటే మీరు నిజంగా భయపడాల్సిన సంగతులకు ఫిల్టర్ గుడ్డిది. వాటిని కనిపెట్టగలిగేది పక్క బెంచీ పిల్లలు, క్లాస్ టీచరు.

ఇప్పుడు ఆ ఒక్క వాక్యం గురించి. దానికి ముందు మీకు ఒక సంగతి చెప్పాలి.

2019. ఒక మండల కేంద్రంలోని స్కూలు, పేరు అనవసరం. మధ్యాహ్నం ఆఖరి ల్యాబ్ పీరియడ్ అయిపోయింది, పిల్లలు బ్యాగులు సర్దుకుని వెళ్లిపోయారు. నేను ఒక్కో మెషీన్ షట్‌డౌన్ చేసుకుంటూ వస్తున్నాను. కిటికీ పక్క వరసలో పదిహేడో నంబరు కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్ తెరిచి ఉంది. తెలుగే, ఇంగ్లిష్ అక్షరాల్లో. "సార్ ఆ అకౌంట్ నాది కాదు. నా ఫొటో పెట్టి ఎవరో చేశారు. టీసీ ఇవ్వకండి సార్, మా నాన్న చదువు మాన్పించేస్తారు." కింద పేరు లేదు. ఎవరి సీటో నాకు తెలుసు, తొమ్మిదో తరగతి అమ్మాయి. కర్సర్ ఆ చివరి మాట పక్కన కొట్టుకుంటూనే ఉంది. ఆ కుర్చీలో కూర్చుండిపోయాను.

జరిగింది ఇది. యానివర్సరీ రోజు చీర కట్టుకుని డాన్స్ చేసిన ఫొటోతో ఆ అమ్మాయి పేరు మీద ఎవరో ఇన్‌స్టాగ్రామ్ ఖాతా తెరిచి, క్లాసులోని అబ్బాయిలకు పిచ్చి మెసేజ్‌లు పంపుతున్నారు. పన్నెండు రోజులుగా సాగుతోంది. క్లాసులో సగం మందికి తెలుసు, టీచర్లకు ఎవరికీ తెలియదు. స్కూల్లో ఇన్‌స్టాగ్రామ్ బ్లాక్ చేసే ఉంది, ఫిల్టర్ తన పని తాను చేసింది, ఇదంతా ఇళ్లలో ఫోన్ల మీద జరిగింది. మరి పన్నెండు రోజులు ఆ పిల్ల ఎందుకు చెప్పలేదు? డైరీ మూడో పేజీలో స్కూలు నియమాల కింద ఒక లైను ఉంది: "సోషల్ మీడియా ఖాతా ఉన్న విద్యార్థులకు టీసీ ఇవ్వబడును." ఆ లైను రాయించినవాళ్లలో నేనూ ఉన్నాను. పిల్లల్ని కాపాడటానికే రాశాం. దాని వల్ల ఆ అమ్మాయి నోరు మూతపడింది, ఖాతా తెరిచినవాడికి ధైర్యం వచ్చింది.

తల్లిని పిలిపించాం, ఆ ఖాతా మీద రిపోర్ట్ కొట్టాం, తీయడానికి రోజులు పట్టింది. ఇప్పుడు పరిస్థితి కొంత మెరుగు. 2021 ఐటీ నిబంధనల్లో, ఒకరి పేరుతో మరొకరు నడిపే ఖాతాలు, మార్ఫింగ్ ఫొటోల మీద బాధితులు ఫిర్యాదు చేస్తే కంపెనీ గంటల వ్యవధిలోనే తీసేయడానికి చర్యలు తీసుకోవాలని పెట్టారు. ఆ అమ్మాయి చదువు ఆగలేదు. అయితే ఆ పన్నెండు రోజులు తిరిగి రావు కదా.

అందుకే మీ పాలసీలో మొదటి వాక్యం ఇది ఉండాలని అడుగుతున్నాను: "ఆన్‌లైన్‌లో తనకు ఎదురైనదాన్ని, చూసినదాన్ని, తాను చేసిన పొరపాటును వచ్చి చెప్పిన విద్యార్థికి, చెప్పినందుకు ఏ శిక్షా ఉండదు." ఇంకో పిల్లకో పిల్లవాడికో హాని చేసి ఉంటే దాన్ని విడిగా చూడాలి, అందులో సందేహం లేదు. కానీ వచ్చి చెప్పడమే నేరమయ్యేలా ఒక్క నియమం కూడా ఉండకూడదు. మీ డైరీ ఇవాళే తీసి చూడండి, అలాంటి లైను ఉంటే కొట్టేయండి.

రెండో వాక్యం, ఎవరికి చెప్పాలి. "యాజమాన్యానికి తెలియజేయాలి" అని రాస్తే ఏ పిల్లా రాదు. ఇద్దరి పేర్లు రాయండి, అందులో ఒకరు ఆడవాళ్లు కావాలి. వాళ్లు కూర్చునే గది, దొరికే టైమ్ కూడా రాయండి. పెద్ద పదవిలో ఉన్నవాళ్లను పెట్టనవసరం లేదు, పిల్లలు ఎవరి చుట్టూ తిరుగుతారో చూడండి. చాలా స్కూళ్లలో అది పీఈటీ సారో, లైబ్రరీ మేడమో అవుతుంది.

మూడోది స్టాఫ్‌కు. ఇక్కడ మంచివాళ్లే ఘోరమైన తప్పులు చేస్తారు. పిల్లల నగ్న చిత్రం ఏదైనా బయటపడితే, సాక్ష్యం కోసమని తమ ఫోన్‌లోకి పంపించుకోవడం, స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టి "ఇది ఎవరు?" అని అడగడం. ఉద్దేశం ఏదైనా అది నేరమే. ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద అలాంటివి పంచుకోవడం, డౌన్‌లోడ్ చేయడం, వెతకడం అన్నీ వస్తాయి, మొదటిసారికే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా. తొలగించకుండా, ఫిర్యాదు చేయకుండా దగ్గర ఉంచుకోవడం కూడా, పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కింద నేరం కావచ్చని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. చేయాల్సిందల్లా ఆ ఫోన్‌ను అలాగే ఉంచి, తేదీ, టైమ్, ఖాతా పేరు కాగితం మీద రాసుకుని పోలీసులకు చెప్పడం. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే ఎవరైనా చెప్పితీరాలి, చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ పడవచ్చు. "స్కూలు పేరు పోతుంది, మనలో మనమే చూసుకుందాం" అనే మాట ఏ మీటింగ్‌లో వచ్చినా ఈ సెక్షన్ చదివి వినిపించండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098, ఆన్‌లైన్ డబ్బు మోసమైతే 1930, మిగతా వాటికి జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్. ఈ నంబర్లు ల్యాబ్ గోడ మీద, బాత్రూమ్‌ల దగ్గర కూడా పెద్ద అక్షరాల్లో అంటించండి. బాత్రూమ్‌ల దగ్గర ఎందుకంటే, అక్కడ పిల్ల ఒంటరిగా చదువుకోగలదు. తమ నగ్న ఫొటో బయటికి పోతుందని భయపడే పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు "టేక్ ఇట్ డౌన్" అనే ఉచిత సేవ ఉంది. ఫొటో ఎవరికీ పంపనక్కర్లేదు. ఫోన్‌లోనే దానికి ఒక కోడ్ తయారవుతుంది, ఆ కోడ్‌ను పెట్టుకుని ఇందులో చేరిన కంపెనీలు ఆ ఫొటో తమ దగ్గర ఉంటే తీసేస్తాయి.

బాక్సు అమ్మేవాళ్లు పాలసీ నమూనా కూడా ఇస్తామంటారు, జాగ్రత్త. వాటిలో చాలావరకు అమెరికా చట్టాన్ని చూసి రాసినవే. అక్కడ 2000 డిసెంబరులో సీపా అనే చట్టం వచ్చింది. ఇంటర్నెట్ కోసం ప్రభుత్వ రాయితీ తీసుకునే స్కూళ్లు, లైబ్రరీలు అశ్లీల చిత్రాలను ఆపే ఫిల్టర్ పెట్టాలన్నారు. అందులో మనం తీసుకోదగ్గవి రెండున్నాయి. ఒకటి, పాలసీ పెట్టేముందు కనీసం ఒక్క బహిరంగ సమావేశమైనా పెట్టి జనం మాట వినాలి. రెండు, ఫిల్టర్ ఒక్కటే చాలదని వాళ్లకూ అర్థమై, సోషల్ మీడియాలో ఎలా మెలగాలో, ఆన్‌లైన్ వేధింపులంటే ఏమిటో పిల్లలకు నేర్పాలని 2008లో ఇంకో చట్టంతో కలిపారు. మీ పేరెంట్స్ మీటింగ్‌లో పాలసీ చదివి వినిపించకండి. చిత్తు ప్రతి చేతికిచ్చి, పెన్ను కూడా ఇచ్చి, ఏం మార్చాలో అడగండి. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల నుంచి ఇద్దరిద్దరు పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి. కొత్తగా ఏ యాప్‌లో ఏం నడుస్తోందో మనకు తెలిసేది వాళ్ల నుంచే.

ప్రతి పిల్లవాడి స్క్రీన్ టీచరుకు కనిపించే సాఫ్ట్‌వేర్ కూడా కరస్పాండెంట్ గారు అడిగారని రాశారు. ల్యాబ్‌లో, పీరియడ్ జరుగుతుండగా, పిల్లలకు ముందే చెప్పి అయితే తప్పులేదు. ఇంటికి తీసుకెళ్లే పరికరం జోలికి మాత్రం పోకండి. 2010లో అమెరికా పెన్సిల్వేనియాలోని లోయర్ మెరియన్ స్కూళ్లలో, పిల్లలకిచ్చిన ల్యాప్‌టాప్‌ల కెమెరాలు ఇంట్లో ఉండగా కూడా ఫొటోలు తీస్తున్నాయని బయటపడింది. పోయిన ల్యాప్‌టాప్‌లు వెతకడానికి పెట్టిన ఏర్పాటు అది. బయటపడిన ఫొటోలు, స్క్రీన్‌షాట్లు యాభై వేలకు పైనే. చివరికి 6,10,000 డాలర్లు ఇచ్చి రాజీ చేసుకున్నారు. మన దగ్గర 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపువాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల ప్రవర్తనను వెంటాడి గమనించడం వద్దంటుంది. 2025 నవంబరులో వచ్చిన నిబంధనల్లో చదువు కోసం, పిల్లల భద్రత కోసం స్కూళ్లకు మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు దేనికిచ్చారో దానికే వాడుకోవాలి. లాగ్ ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు, ఎప్పుడు చెరిపేస్తారు, ఈ మూడూ పాలసీలో రాయండి.

ఇళ్ల సంగతి కూడా కొంచెం. స్కూల్లో మీరెంత చేసినా పిల్లవాడి చేతిలో ఫోన్ ఉండేది రాత్రి పూట. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వం ట్యాబ్‌లు ఇచ్చినప్పుడు చాలామంది తల్లిదండ్రులు నన్ను అడిగింది ఒకటే, "ఇంట్లో ఎలా సార్?" అని. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగుల్లో "ప్రైవేట్ డీఎన్‌ఎస్" అని ఉంటుంది. అక్కడ యాడ్‌గార్డ్ ఫ్యామిలీ డీఎన్‌ఎస్ సర్వర్ పేరు పెడితే ఇంటి వైఫై మీదైనా, సిమ్ డేటా మీదైనా ఫిల్టర్ పనిచేస్తుంది. మీటింగ్ రోజు ఒక టేబుల్ వేసి, మీ కంప్యూటర్ టీచరు చేత వచ్చినవాళ్ల ఫోన్లలో అక్కడికక్కడే పెట్టించండి, ఒక్కో ఫోన్‌కు రెండు నిమిషాలు చాలు. పిల్లలు దాన్ని తీసేయగలరని కూడా దాచకుండా చెప్పండి. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ల లోపువాళ్లకు సోషల్ మీడియా ఖాతాలే వద్దన్నారు, ఇక్కడా పెట్టాలని మీటింగ్‌లో ఎవరో ఒకరు అంటారు. పెట్టినా పెట్టకపోయినా, మీ పిల్లలకు చెప్పుకోవడానికి ఒక మనిషి కావాలి.

చివరిగా ఆ ఏడో తరగతి బాబు. మీ ప్రశ్నలో అతని గురించి ఒకే లైను ఉంది, చదివినప్పటి నుంచి నా మనసు అక్కడే ఉంది. ఆ మెషీన్ బ్రౌజర్ హిస్టరీ చెరిపేయకపోతే తెరవండి, ఆ రోజు, ఆ పీరియడ్ టైమ్ దగ్గర చూడండి. అంతకుముందు నిమిషంలో ఏ పేజీలో ఉన్నాడు, ఏం వెతికాడు, ఆ బొమ్మ సైటు ఏ పేజీ నుంచి తెరుచుకుంది అన్నీ వరసగా కనిపిస్తాయి. ప్రాజెక్టు కోసమో, పీడీఎఫ్ కోసమో వెతికి ఉంటాడని నా అనుమానం. అదే అయితే నెల ఆగకండి, రేపే ల్యాబ్‌కు పిలవండి. క్లాసు అందరి ముందు ఆపారు కాబట్టి, తప్పు అతనిది కాదని కూడా అందరి ముందే చెప్పండి. వాళ్ల అమ్మానాన్నలకు మీరే ఫోన్ చేసి చెప్పండి. ఒకవేళ కావాలనే వెతికాడని తేలినా, పన్నెండేళ్ల వాడు. పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరు చెప్పారు, ఎక్కడ విన్నావు అని మెల్లగా అడగండి. హిస్టరీలో ఏముందో, మీ రౌటర్ మోడల్ ఏదో ఇక్కడ రాస్తే, దాన్ని బట్టి రూల్స్ ఎలా పెట్టాలో వివరంగా చెప్తాను.